ఎడమక్కకు మీసాలు

ముందే చెబుతున్నాను. ఆ సినిమా చూశారా, ఎంత నవ్వొచ్చిందో అని నా దగ్గర ఎవరూ మొదలుపెట్టొద్దు. నవ్వినవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం దాని పోస్టరు కనపడితే చాలు, ఒళ్ళు మండిపోతుంది. ఐదుగురు పొట్టల మగాళ్ళు నిక్కర్లేసుకుని, ఒకడి మీద ఒకడు పడి, నాలుకలు బయటపెట్టి ఉంటారు. "ముసలి బాస్కెట్‌బాల్ వీరులు మళ్ళీ కలిశారు. నిజంగా జరిగిన కథ" అని కింద పెద్ద అక్షరాలు. నిజంగా జరిగిందట! ఎవరికి జరిగిందయ్యా? నాకు. మా కెప్టెన్‌కి. ఎడమక్కకి. మాలో ఎవరికీ పొట్ట లేదని అనను గానీ, మీసాలు మాత్రం ఒక్కరికీ లేవు.

మేం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లం. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎదురుగా బోర్డులో వైర్లు గుచ్చుతూ, పీకుతూ, "లైన్లో ఉండండి" అంటూ సగం బతుకు బతికినవాళ్ళం. నన్ను అక్కడ సైరన్ అనేవారు. ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మా ఎక్స్ఛేంజికి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. జట్టంటే ఏదో అనుకునేరు. డ్యూటీ దిగాక చీరలు మార్చుకుని పెరట్లోకి వెళ్ళేవాళ్ళం, చీకటి పడ్డాక ఇళ్ళకి పోయి తిట్లు తినేవాళ్ళం.

ఆ పెరటి గోడకి ఒక బోర్డు, దానికి ఒక రింగు. అంతే మా కోర్టు. రింగుకి ఎదురుగా నిలబడితే ఎడమవైపు జనరేటర్ షెడ్డు. దాని రేకు ముందుకి పొడుచుకొచ్చి ఉండేది. అటు నుంచి బంతి వేస్తే రేకుకి తగిలి ధనామని మోగేది, లోపల నుంచి సూపర్‌వైజర్ లేచి వచ్చేది. అందుకని అందరం కుడివైపు నుంచే వేసేవాళ్ళం. అలా వేసీ వేసీ మాకు బాస్కెట్‌బాల్ అంటే కుడివైపే అయిపోయింది. మొదటిసారి టోర్నమెంటుకి వెళ్ళి పూర్తి కోర్టు మీద ఆడినప్పుడు, అంత ఖాళీ పెట్టుకుని, అందరం కలిసి కుడి మూలకే పరిగెత్తాం. ఇక్కడ షెడ్డు లేదన్న సంగతి కళ్ళకి తెలుసు, కాళ్ళకి తెలియదు. మేం ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటుంటే అవతలి జట్టువాళ్ళు నడుం మీద చేతులేసుకుని చూశారు.

ఎడమక్క ఒక్కతే వేరు. ఎడమచేతి వాటం మనిషి. కుడివైపు నుంచి వెయ్యమంటే ఆవిడకి వచ్చేది కాదు. షెడ్డుకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉండేది. ఆ సందులోకి దూరి, రేకు అంచు కింద నుంచి ఎడమచేత్తో బంతిని బోర్డుకి తాకించేది. చప్పుడు కాకుండా రింగులో పడేది. టోర్నమెంట్లలో కూడా అదే కథ. మేం కుడి మూలకి ఎగబడేవాళ్ళం, మమ్మల్ని ఆపడానికి అవతలి జట్టంతా మా వెనకే వచ్చేది, ఎడమవైపు ఎడమక్క ఒక్కతే నిలబడి ఉండేది. బంతి ఆవిడకి విసిరేవాళ్ళం. మా వ్యూహం మొత్తం ఇదే. దీన్ని వ్యూహమంటే ఎవరైనా నవ్వుతారేమో గానీ, దీంతోనే కప్పు కొట్టాం.

కప్పుతో దిగిన ఫొటోలో ఎడమక్క లేదు. ఆవిడ అన్నగారు "పొట్టి నిక్కరుతో నీ ఫొటో ఎక్కడైనా కనపడిందో, కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు. అన్నంత పనీ చేసే రకం. దాంతో ఎవరైనా కెమెరా తీస్తే చాలు, ఆవిడ మా బ్యాగులన్నీ పట్టుకుని ఫొటోగ్రాఫర్ వెనక్కి పోయేది. ఆ ఫొటోలో మేమంతా కెమెరా వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ నవ్వుతుంటాం. అక్కడ ఎడమక్క నిలబడి కోతి వేషాలు వేస్తోంది. తర్వాత ఎక్స్ఛేంజి మూతపడింది, కప్పు ఏ పాత ఇనుం కొట్టుకి పోయిందో ఎవరికీ తెలియదు. అంటే ఎడమక్క ఆడిందనడానికి మా మాట తప్ప ఈ భూమ్మీద ఇంకో సాక్ష్యం లేదు.

మా మాటకేమో వాళ్ళింట్లో విలువ లేదు. వాళ్ళాయన వాచీలు బాగుచేస్తాడు. చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, నెలకోసారి నా గోడ గడియారం కూడా ఊరికే చూసి పెడతాడు. కానీ పెళ్ళయిన కొత్తలో ఎడమక్క "నేను బాస్కెట్‌బాల్ ఆడేదాన్నండీ, కప్పు కూడా గెలిచాం" అంటే, ఆ మనిషి చేతిలో ఉన్న వాచీలోంచి తల కూడా ఎత్తకుండా "ఓహో. నేను విమానం నడిపేవాణ్ణి" అన్నాడు. అది ఆయనకి ఎంత బాగా నచ్చిందంటే, అప్పట్నుంచీ అదే మాట. ఆవిడ ఆట ఊసెత్తినప్పుడల్లా ఈయన విమానం తీస్తాడు. మేం వెళ్ళి "నిజమే బావగారూ, ఈవిడ లేకపోతే మాకు కప్పే లేదు" అంటే, "మీరంతా ఒకే జట్టు కదమ్మా, అబద్ధానికైనా కలిసే ఆడతారు" అంటాడు. పగలంతా మనుషుల మణికట్లు చూసే వృత్తి. సొంత పెళ్ళాం వాచీ కుడిచేతికి ఎందుకు పెట్టుకుంటుందో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

కొడుకు పుట్టాడు, వాడూ తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ చేతిలోంచి గ్లాసు జారితే "ఛాంపియన్!" మెట్టు తట్టుకుంటే "ఛాంపియన్!" ఒకసారి నేను వాళ్ళింట్లో భోంచేస్తుండగానే జరిగింది. వంటింట్లో గిన్నె కింద పడింది, హాల్లోంచి తండ్రీ కొడుకులు ఒకేసారి "ఛాంపియన్!" అని అరిచి చేతులు చరుచుకున్నారు. నేను కంచం ముందు నుంచి లేవబోయాను. ఎడమక్క నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"వాళ్ళకి అదో సరదా. వదిలెయ్యవే" అంది.

"సరదా ఏంటి నీ మొహం? ఇన్నేళ్ళ సరదానా? రెండు దులిపి రావొద్దూ?"

ఆవిడ కింద పడ్డ అన్నం ఎత్తి గిన్నెలో వేసింది. తర్వాత అంది: "అలవాటైందే. కానీ ఒక్కొక్కప్పుడు నాకే అనుమానం వస్తుంది. నిజంగా ఆడానా, లేక నేనే కల్పించుకున్నానా అని. వాళ్ళు ఒక్కసారి నమ్మితే చాలు. ఇంకేం అక్కర్లేదు."

ఆ మాట విన్నాక కంచం పక్కకి తోసేశాను. ఎంత తిట్టినా తీరని కోపం అది.

అలాంటి సమయంలో దిగాడండీ ఆ డైరెక్టరు. మా కెప్టెన్ మనవరాలి స్నేహితురాలికి ఏదో వరస. పాతకాలం ఆటగాళ్ళు మళ్ళీ కలుసుకునే హాస్య సినిమా తీస్తాడట, మా సంగతి విని వచ్చాడు. కెప్టెన్ ఇంట్లో మమ్మల్ని కూర్చోబెట్టి, మధ్యలో రికార్డరు పెట్టి, ఎన్ని మధ్యాహ్నాలు మాట్లాడించాడో! రేకు చప్పుడు, సూపర్‌వైజరు, కుడి మూల తొక్కిసలాట, అన్నీ చెప్పాం. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. మేమూ నవ్వాం. మా మీద మేం నవ్వుకుంటే తప్పేముంది? మామూలుగా నోరు తెరవని ఎడమక్క అందరికంటే ఎక్కువ మాట్లాడింది. సందులోంచి బంతి ఎలా వేసేదో లేచి నిలబడి చూపించింది. డైరెక్టరు రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీరే నా హీరో" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆవిడ ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. "నా మీద సినిమా తీస్తున్నారు" అని చెప్పింది. వాళ్ళాయన "అయితే నా విమానం మీద కూడా తియ్యమను" అన్నాడట. అయినా ఈసారి ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. షూటింగ్‌కి రమ్మని మాకు కబురొచ్చిన రోజు తండ్రినీ కొడుకునీ బలవంతంగా బయల్దేరదీసింది. "నా వేషం ఎవరో వేస్తారుగా. ఆవిడ్ని చూస్తే మీకే తెలుస్తుంది" అంది. ఇస్త్రీ చీర కట్టుకుని, జుట్టుకి రంగు కూడా వేసుకుని వచ్చింది.

అద్దెకి తీసుకున్న ఇండోర్ స్టేడియం. గుమ్మంలోనే అసిస్టెంటు ఒకమ్మాయి ఎదురొచ్చి, మా చేతుల్లో ఒక్కో రంగు గుడ్డ పెట్టి, "మీరు అటు మూడో వరసలో కూర్చోండి ఆంటీ. నేను చెయ్యి ఊపగానే 'ఏమండీ, గెలవండి!' అని అరవాలి" అంది.

"ఎవర్ని?" అన్నాను నేను.

"మీ ఆయన్ని" అంది.

"మా ఆయన పోయి చాలా కాలమైందమ్మా."

"అయ్యో, నిజంగా కాదు ఆంటీ. సినిమాలో. మీరంతా ఆటగాళ్ళ భార్యలు."

అప్పుడు చూశాం కోర్టులోకి. మా జెర్సీ రంగే, వెనక మా నంబర్లే. వాటిలో ఐదుగురు మగాళ్ళు. ఒకడు మోకాలికి పట్టీ కట్టుకుని మూలుగుతున్నాడు. ఒకడు బెంచీ మీద బోర్లా పడుకుని వీపు పట్టించుకుంటున్నాడు. ఎడమక్క నంబరేసుకున్నవాడికి ఇంతింత మీసాలు. ఇంతలో వెనక నుంచి ఎడమక్క కొడుకు గొంతు వినపడింది.

"అమ్మా! నీ పాత్ర మీసాలు పెంచిందే!"

తండ్రీ కొడుకులు కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్ళాయనైతే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎడమక్క చేతిలో రంగు గుడ్డని మడతపెడుతూ, విప్పుతూ నిలబడింది. ఆ మొహం చూసి నేనింక ఆగలేదు. తిన్నగా వెళ్ళి డైరెక్టరు కుర్చీ ముందు నిలబడ్డాను.

"ఏమయ్యా, మేం నీకు మగాళ్ళలా కనపడ్డామా?"

"అమ్మా, అమ్మా, కోప్పడకండి" అని లేచాడు. "కథ మీదే. ఆత్మ మీదే. ఒక్క చిన్న మార్పు."

"చిన్న మార్పా? ఆడదాన్ని మగాణ్ణి చెయ్యడం చిన్న మార్పా? మరి పెద్ద మార్పంటే ఏం చేస్తావు, గుర్రాల్ని పెడతావా?"

"అది కాదమ్మా. వ్యాపారం కూడా చూసుకోవాలి కదా. మగాళ్ళు కిందపడితే జనం నవ్వుతారు. పెద్దావిడ పడితే 'అయ్యో' అంటారు. అయ్యో అంటే టికెట్లు తెగవు."

"మేం పడ్డామని నీకెవరు చెప్పారు? మేం గెలిచామయ్యా!"

"ఆఖర్న వీళ్ళూ గెలుస్తారమ్మా" అన్నాడు, నన్నేదో ఓదారుస్తున్నట్టు. పళ్ళు రాలగొట్టాలనిపించింది. ఆ రోజు "మీరే నా హీరో" అన్నప్పుడు మేం పొంగిపోయాం గానీ, వెధవ నిజమే చెప్పాడు. హీరోనే కావాలి వాడికి.

"పదండే, పోదాం" అని మావాళ్ళతో అన్నాను. కెప్టెన్ అప్పటికే బ్యాగు భుజానికి వేసుకుంది. కానీ ఎడమక్క వెళ్ళి మూడో వరసలో కూర్చుంది.

"ఏంటే ఇది? సిగ్గులేదా మనకి?" అని నేను ఒంటికాలి మీద లేచాను.

"కూర్చోవే" అంది నెమ్మదిగా. "ఇప్పుడు లేచి వెళ్ళిపోతే, ఆడలేదనే అనుకుంటారు."

ఎవరు అనుకుంటారో నాకు తెలుసు. వెనక వరసలో కూర్చుని ఇంకా నవ్వుతున్నారు. నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. నేను నోరు మూసుకోవడమంటే ఎంత కష్టమో మా ఎక్స్ఛేంజి అంతటికీ తెలుసు.

ఇక షూటింగ్. ఐదుగురూ కుడి మూలకి పరిగెత్తి ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని పడాలి. పడ్డారు. కెమెరా కోసం మళ్ళీ పడ్డారు. ఒకడి నిక్కరు జారాలట, జార్చాడు. అందరూ నవ్వారు. అసిస్టెంటు చెయ్యి ఊపింది. "ఏమండీ, గెలవండి" అని మేం పీనుగుల్లా అన్నాం. "ఉత్సాహం, ఆంటీ, ఉత్సాహం!" అని అరిచింది. నా నోటికొచ్చిన మాట ఇక్కడ చెప్పలేను.

తర్వాత అసలు ఘట్టం. ఎడమవైపు ఒంటరిగా ఉన్న మీసాలాయనకి బంతి వస్తుంది, ఆయన ఎడమచేత్తో బోర్డుకి తాకించి రింగులో వేస్తాడు, సినిమా అయిపోతుంది. పాపం ఆయన తప్పేం లేదు, మంచి మర్యాదస్తుడు. మా దగ్గరికొచ్చి నమస్కారం కూడా పెట్టాడు. కానీ కుడిచేతి మనిషి. ఎడమచేత్తో వేస్తే బంతి ఒకసారి కెమెరా మీదికి పోయింది, ఒకసారి దీపం మీదికి పోయింది, ఒకసారి చేతిలోంచి జారి సొంత కాలి మీదే పడింది. కుడిచేత్తో వేయించేద్దామంటే కుదరదట. ముందు సీన్లలో ఆయన చేత ఎడమచేత్తో కాఫీ తాగించారట, సంతకాలు పెట్టించారట. జనం పట్టేస్తారట. ఆడవాళ్ళని మగాళ్ళుగా మారిస్తే పట్టుకోని జనం, చెయ్యి మారిస్తే పట్టేస్తారు. చూడండి ఎంత నిజాయితీయో!

చివరికి డైరెక్టరు తల పట్టుకుని, "కెమెరా దగ్గరగా పెట్టి చెయ్యి ఒక్కటే తీద్దాం. ఇక్కడ ఎడమచేత్తో ఆడగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. లైట్లవాళ్ళు, వైర్లవాళ్ళు, భోజనాలవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకు లోపల్లోపల పండగ్గా ఉంది. చావండి అనుకున్నాను. మాకున్న ఒకే ఒక్క ఎడమచెయ్యి మా మూడో వరసలో ఉంది, అది మీకు దక్కదు అనుకున్నాను.

ఎడమక్క లేచి నిలబడింది.

"కూర్చో" అని నేను కొంగు పట్టుకుని లాగాను. "పిచ్చా నీకు? పేరు తీసేశారు, మొహం తీసేశారు. ఇప్పుడు చెయ్యి కూడా వాళ్ళ చేతుల్లో పెడతావా? ఆ మీసాలాడికి?"

"తీసుకోనీ" అంది. "సినిమాలో ఎవరి చెయ్యనుకుంటే నాకేంటే? ఇక్కడ చూసేవాళ్ళు చూస్తారుగా."

కొంగు విడిపించుకుని దిగి వెళ్ళిపోయింది. డైరెక్టరుకి అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పని చూస్తే మీకూ రక్తం మరుగుతుంది. మేకప్ మనిషి వచ్చి ఆవిడ ముంజేతిని తిప్పి చూసి, "మరీ నున్నగా ఉంది" అన్నాడు. సవరం లాంటిదేదో తీసి, వెంట్రుకలు కత్తిరించి, జిగురు రాసి ఆవిడ చేతికి అంటించాడు. ఒక్కొక్కటి కాదు, గుప్పెడు గుప్పెడు! చీర మీదే ఆ మీసాలాయన జెర్సీ తొడిగారు. మా కప్పు గెలిచిన చేతిని మగచెయ్యి చెయ్యడానికి ఇంత ముస్తాబు! "ఇది సినిమానా, జంతు ప్రదర్శనా?" అని నేను కేకేశాను. ఎవరూ పట్టించుకోలేదు. ఎడమక్క మాత్రం చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మా అన్నయ్య చెయ్యిలాగే ఉంది" అంది.

వెనక నుంచి వాళ్ళాయన నా భుజం తట్టాడు. "ఏం చేస్తోందమ్మా అక్కడ? నడుం పట్టేస్తుంది. రమ్మను."

"మీరే వెళ్ళి చెప్పండి బావగారూ. విమానంలో వెళ్ళండి" అన్నాను.

యాక్షన్ అన్నారు. బంతి వచ్చింది. పట్టుకుంది గానీ, వేసింది బోర్డు అంచుకి తగిలి బయటికి పోయింది. "ఛాంపియన్!" అని వెనక నుంచి కొడుకు అలవాటు కొద్దీ అరిచాడు. తిరిగి ఒక్క చూపు చూశాను. వాడు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మళ్ళీ వేసింది. రింగు మీద రెండుసార్లు ఎగిరి అవతల పడింది. ఆవిడ గస పెడుతోంది. డైరెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. దేవుడా, ఇప్పుడు గానీ పడకపోతే చచ్చేదాకా ఆ ఇంట్లో దీన్ని చెప్పుకుని నవ్వుతారు, ఇంక ఆవిడ తన్ను తాను కూడా నమ్మదు అనుకున్నాను.

"షెడ్డు ఉందనుకోవే!" అని అరిచాను. నా గొంతు స్టేడియం పైకప్పుకి తగిలింది.

ఎడమక్క నా వైపు చూసింది. రెండడుగులు పక్కకి జరిగి, అక్కడ లేని గోడకి వీపు ఆనించినట్టు ఒదిగి నిలబడింది. మోకాళ్ళు వంచి, తల దించి, లేని రేకు అంచు కింద నుంచి చెయ్యి చాచింది. బంతి బోర్డుని తాకి, చప్పుడు లేకుండా దిగింది.

మళ్ళీ బంతి ఇవ్వమంది. మళ్ళీ దిగింది. ఎవరూ యాక్షన్ అనలేదు, కట్ అనలేదు. ఆవిడ అడుగుతోంది, ఎవరో అందిస్తున్నారు, బంతి దిగుతోంది. మూడో వరసలో మేం లేచి నిలబడి గొంతులు పోయేలా అరిచాం. ఈసారి అసిస్టెంటు చెయ్యి ఊపనక్కర్లేకపోయింది. కెప్టెన్ ఏడుస్తోంది. నేను ఏడవలేదు, నాకు కోపం ఎక్కువై కళ్ళు మండాయి, అంతే.

"కట్! అద్భుతం!" అని డైరెక్టరు లేచాడు. లేచి ఏం చేశాడో తెలుసా? వెళ్ళి మీసాలాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మన హీరో అదరగొట్టాడు!" అన్నాడు. మీసాలాయనే సిగ్గుపడి, "నన్నెందుకండీ, ఆవిడకి చెప్పండి" అని తప్పుకున్నాడు.

అప్పటికి తండ్రీ కొడుకులు కోర్టులోకి దిగారు. కొడుకు మొహం ఎర్రగా అయింది. తల్లి ముందు నిలబడి, కింద పడ్డ బంతిని తీసి రెండు చేతుల్తో ఆవిడకి ఇచ్చాడు. వాళ్ళాయన మాత్రం రింగు కేసీ, భార్య చేతి కేసీ మార్చి మార్చి చూశాడు. ఆగిపోయిందనుకున్న వాచీ చేతిలో ఉన్నట్టుండి కొట్టుకుంటే అలాగే చూస్తాడేమో. కళ్ళు చెమ్మగిల్లాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం జాలేసింది. ఆ క్షణంలోనే నోరు తెరిచాడు మహానుభావుడు.

"నువ్వు నిజంగా ఆడేదానివే! ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం?"

విన్నారా? చెప్పలేదేం అట! నాకు తల్లో నరాలు చిట్లినట్టయింది. ఈ నోరు ఇన్నేళ్ళు దాచిందంతా ఒక్కసారి కక్కెయ్యాలని ముందుకి దూకాను. ఎడమక్క అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆ వెంట్రుకల చేత్తోనే. నన్ను చూడలేదు, ఆయన్నే చూస్తోంది.

"చెప్పానండీ" అంది.

గొంతు పెంచలేదు. అయినా అక్కడున్న లైట్లవాళ్ళు కూడా చేస్తున్న పని ఆపేశారు.

"పెళ్ళయిన వారానికే చెప్పాను. వీడు కడుపులో ఉన్నప్పుడు చెప్పాను. వీడు మొదటిసారి బంతి పట్టుకున్నప్పుడు చెప్పాను. మా ఎక్స్ఛేంజి మూసేసిన రోజు ఏడుస్తూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మీరు నవ్వారు. నేనూ మీతోపాటు నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు. నాది కాని పిచ్చి కథ ఏదో చెప్పినట్టు నా మీద నేనే నవ్వుకున్నాను. మీరు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా బతుకులో నేను బాగా చేసిన పని ఒక్కటుంటే, దాన్ని నాకే అబద్ధం చేశారు."

కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. నేనైతే, ఇన్నేళ్ళ స్నేహంలో మొదటిసారి, ఆవిడ మాటకి జతచెయ్యడానికి నా దగ్గర ఏమీ లేక నిలబడ్డాను.

"తప్పే" అన్నాడు వాళ్ళాయన. "తప్పయిపోయింది. ఇప్పుడు చెప్పు. అంతా మొదట్నుంచీ చెప్పు. కూర్చుని వింటాను."

"ఇంక నేను చెప్పను" అంది ఎడమక్క. "ఇక మీద మీరు అడుగుతూ ఉండండి. నాకు చెప్పాలనిపించిన రోజు చెబుతాను."

"అమ్మా, రెండో కెమెరాకి కూడా ఒక్కసారి కావాలి" అని అసిస్టెంటు పిలిచింది. ఎడమక్క జెర్సీ సర్దుకుని ఎడమవైపుకి నడిచింది.

ఆయన వెనకే నాలుగడుగులు వెళ్ళాడు. "మొదటి మ్యాచ్... మొదటి మ్యాచ్ ఎవరితో ఆడారు?" అని అడిగాడు.

ఆవిడ బంతి కోసం చెయ్యి చాచింది గానీ, వెనక్కి తిరగలేదు. ఆయన ఇంకాస్త దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగాడు.